హెచ్ డ్రైవ్‌కు రీసర్వే ఎప్పుడు?

ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో భూముల రీసర్వే మొదలుపెట్టి డ్రోన్లు ఎగరేశారు. తెలంగాణలో ధరణి వచ్చింది, 2025లో దాని స్థానంలోకి భూభారతి వచ్చింది. అందరి ఫైళ్లూ దాచే మా ఆఫీసు ఫైల్ సర్వర్‌లో ఎవరి జాగా ఎంతో తేల్చడానికి మాత్రం ఈనాటిదాకా గొలుసు పట్టిన నాథుడు లేడు. ఆ సర్వర్‌కు అడ్మిన్‌ని నేను. అంటే తహసీల్దారు, వీఆర్వో, బంట్రోతు మూడూ నేనే. అందుకే ఈ విన్నపం.

పట్టా ఇవ్వడం చిటికెలో పని. ఉద్యోగుల ఖాతాల చిట్టా అయిన యాక్టివ్ డైరెక్టరీలో కొత్త ఉద్యోగి ఖాతా తెరిచి, ప్రొఫైల్ ట్యాబ్‌లో డ్రైవ్‌కు హెచ్ అక్షరం ఎంచుకుని, సర్వర్ దారి రాస్తే చాలు. ఆ పేరుతో హోమ్ ఫోల్డర్, అంటే ఆయన సొంత జాగా, దానంతటదే పుడుతుంది, సర్వహక్కులూ ఆయనకే దఖలు పడతాయి. నన్ను గడప తొక్కనివ్వకుండా చేసే హక్కు కూడా అందులో ఉంది. ఆడిట్ సెక్షన్ పెద్దాయన సరిగ్గా అదే వాడుకున్నారు. ఆయన ఫోల్డర్ సైజు చూస్తే సున్నా అంటుంది. "తాళం వేశారేంటండీ?" అని అడిగాను. "నా ఇల్లే కదా బాబూ?" అన్నారు. చట్టం ఆయన పక్షాన ఉంది.

తలా 5 జీబీ కేటాయించాం. సినిమాలు దాచకుండా ఎంపీ4 ఫైళ్లకు అడ్డుకట్ట కూడా వేశాను. ఆ అడ్డుకట్ట ఫైలు పేరులో తోక చూస్తుందే తప్ప లోపలికి తొంగిచూడదు. వారం తిరక్కుండా 'గృహప్రవేశం' పేరుతో 3 జీబీల వర్డ్ డాక్యుమెంటు వెలిసింది. అంత పొడుగు ఆఫీస్ నోట్ రాసే ఓపిక మా దగ్గర ఎవరికీ లేదు. అడిగితే, "హోమ్ ఫోల్డర్‌లో గృహప్రవేశం కాక ఇంకేం పెట్టమంటారు?" అని జవాబు. నా దగ్గర సమాధానం లేదు, ఇప్పటికీ లేదు.

రిటైరైనవాళ్లది ఇంకో గొడవ. ఖాతా తీసేస్తే, ఫోల్డర్‌పై ఎవరికి ఏ హక్కులో చూపే సెక్యూరిటీ ట్యాబ్‌లో పేరు చెరిగిపోయి, ఎస్-1-5-21తో మొదలయ్యే బారెడు అంకె మిగులుతుంది. సర్వే నంబరుంది, రైతు లేడు. వారసులు మాత్రం పక్క సెక్షన్ నుంచి వస్తూనే ఉంటారు.

ఇక పబ్లిక్ అనే పి డ్రైవ్. ఊరుమ్మడి పోరంబోకు. మౌస్ కాస్త జారితే ఒక సెక్షన్ ఫోల్డర్ మొత్తం పక్క సెక్షన్ ఫోల్డర్ పొట్టలోకి వెళ్లిపోతుంది. "మాది ఎవరో డిలీట్ చేశారు" అని ఫోన్. నిజంగా డిలీట్ అయితే మరీ కష్టం, నెట్‌వర్క్ డ్రైవ్‌లో చెరిపింది రీసైకిల్ బిన్‌లో దొరకదు.

అకౌంట్స్ మేడమ్‌గారిది అదే డ్రైవ్‌లో కోనేటి మెట్ల నిర్మాణం. సంవత్సరం లోపల నెల, నెల లోపల పార్టీ, పార్టీ లోపల 'పాత బిల్లులు మేడమ్ చూడాలి'. దారి అంటే డ్రైవ్ నుంచి ఫైలు దాకా వరసగా వచ్చే ఫోల్డర్ల పేర్లన్నీ. విండోస్ మామూలుగా 260 అక్షరాలు దాటిన దారిలో నడవదు. ఆవిడ దారి పి దగ్గర మొదలవుతుంది. నేను సర్వర్‌లో డిస్కు, షేర్లు అన్నీ దాటుకుని రావాలి. అందుకే ఆవిడకు రోజూ తెరుచుకునే ఫైలు నాకు తెరుచుకోదు. అడుగునున్న ఫోల్డర్‌కే నేరుగా ఒక డ్రైవ్ అక్షరం తగిలిస్తే దారి కురచవుతుంది. అయితే ఉన్నవి 26. ఏ, బీ ఫ్లాపీల కాలంలోనే పోయాయి. సీ డిస్కుది. జెడ్ తప్ప మిగతావి సెక్షన్లు పంచుకున్నాయి. జెడ్ ఇస్తానంటే ఒక పెద్ద సార్ వద్దన్నారు, చివర్లో కూర్చోబెడతావా అని.

కాబట్టి నా డిమాండు న్యాయమైనదే: ఫోల్డర్‌కో పాస్‌బుక్, బదిలీ అయితే మ్యుటేషన్, ఏటా జమాబందీ. ముసాయిదా రాసి 'రీసర్వే' ఫోల్డర్‌లో పెట్టి, అభ్యంతరాలు చెప్పమని పి డ్రైవ్‌లో ఉంచాను.

రెండో రోజుకే కనిపించలేదు. సాయంత్రం దాకా వెతికితే మేడమ్‌గారి కోనేటి అడుగున, 'పాత బిల్లులు మేడమ్ చూడాలి' లోపల తేలింది. పేరు కనబడుతోంది, ఫైలు తెరుచుకోవట్లేదు. పెద్ద సార్ వద్దన్న జెడ్ ఖాళీగానే ఉందేమో చూడాలి.