సీమంటే సుమోలేనా? పద్మనాభం వేసిన సదాజపుణ్ణి కూడా పిలవండి

మొన్న డిసెంబరులో మన ప్రవాస తెలుగు సంఘం కడపలో పెట్టిన సేవా కార్యక్రమాలకు వంక పెట్టడానికేం లేదు. కంటి శిబిరం, బడిపిల్లలకు సైకిళ్లు, ఆఖరి రోజు శాలువాలు అన్నీ బాగానే జరిగాయి. భోజనాల దగ్గర రాగిసంగటి, చెనిక్కాయల ఊరిమిండి, కారం దోశ దేనికీ తక్కువ లేదు. సీమ ఎట్లుంటుందో వంటవాళ్లకు తెలుసు. తెలియంది వేదిక ఎక్కినవాళ్లకే. సీమకూ సినిమాకూ ఉన్న బంధం చూపిస్తామని చెప్పి వేసిన స్కిట్‌లో ఉన్నదేమిటి? అట్టతో చేసిన సుమో, స్పీకర్లలో బాంబుల మోత, తొడలు చరుస్తున్న పిల్లలు. ముందు వరసల్లో మనవాళ్లు ఈలలు వేశారు. వెనక వరసల్లో ఊరి పెద్దలు ఒక్కొక్కరే లేచి బయటికి నడిచారు.

ఫ్యాక్షన్ అబద్ధమని ఎవరూ అనరు. నాటుబాంబులు ఈ నేల మీద నిజంగానే ఇళ్లు కూల్చాయి. అందుకే ఆ బాధ ఎరిగిన ఊళ్లో దాన్ని ఆటవస్తువు చేస్తే నవ్వు రాదు. అది పక్కన పెట్టినా, ఆ హాలు నుంచి రెండు గంటల దారిలో పులివెందుల పక్కన సింహాద్రిపురం ఉంది. బసవరాజు వెంకట పద్మనాభరావు 1931 ఆగస్టు 20న అక్కడే పుట్టారు. తెలుగు తెరకు ఆయన హాస్యనటుడు పద్మనాభం. ఆ సాయంత్రం మైకులో ఆ పేరు ఒక్కసారి కూడా వినపడలేదు.

1951లో వచ్చిన ‘పాతాళభైరవి’ని చూడని తెలుగువాడు ఉండడు. తోటరాముడు గుర్తుంటాడు, నేపాళ మాంత్రికుడు గుర్తుంటాడు. పద్మనాభం వేసిన సదాజపుణ్ణి, మాంత్రికుడి శిష్యుణ్ణి, మాత్రం నవ్వించడానికి పెట్టిన పాత్ర అని తేల్చేస్తాం. కథను ఒకసారి విప్పి చూడండి. మాంత్రికుడు సగంలోనే చస్తాడు. కోరినవన్నీ ఇచ్చే పాతాళభైరవి బొమ్మ రాముడి చేతికొస్తుంది, మేడలొస్తాయి, పెళ్లి కుదురుతుంది. అక్కడితో సినిమా అయిపోవాలి. ఈ శిష్యుడు గురువు శవాన్ని వెతికి పట్టుకుని సంజీవని పెట్టి లేపకపోతే రెండో సగమే లేదు. రచయిత పింగళి, దర్శకుడు కె.వి. రెడ్డి అంత బరువును ఒక బక్కపలచని కుర్రాడి మీద పెట్టారు. సినిమా విడుదలనాటికి పద్మనాభానికి ఇరవై నిండలేదు. ఆ మహామాంత్రికుడు ఎస్వీ రంగారావుకూ అప్పటికి ముప్ఫై రెండేళ్లే.

ఎస్వీ రంగారావు పక్కన నిలబడి ఆయన్ను మించాలని చూసినవాళ్లంతా తేలిపోయారు. పద్మనాభం ఆ పొరపాటు చేయలేదు. గురువు మాటను సాగదీస్తే శిష్యుడు ముక్తసరిగా ముగిస్తాడు. గురువు చేతులు విసిరితే శిష్యుడు ఒద్దికగా ఒదిగిపోతాడు. నవ్వు పుట్టేది ఆ తేడాలో. నా లెక్కలో పద్మనాభం విద్య అంతా వినడంలోనే ఉంది. ఎదుటివాడి మాట పూర్తిగా చెవిన పడ్డాక ముఖం మారుతుంది, ఆ తర్వాతే నోరు తెరుచుకుంటుంది. మనవైపు అరుగు మీద కూర్చున్న పెద్దాయన ‘అట్లనా’ అని ఒక్క మాటతో ఎదుటివాడి గాలి తీసేస్తాడే, ఆ నిదానం అది. రేలంగిది నిండైన పెద్దరికపు హాస్యం, రమణారెడ్డిది ఒంట్లో ఎముకలే లేవేమో అనిపించే హాస్యం. పద్మనాభానిది జవాబులో ఉన్న హాస్యం. దాన్ని అరుపులతో అనుకరిస్తే ఏమీ మిగలదు.

ఒక్క మాట ఒప్పుకోవాలి. అరవైల చివర నుంచి ఆయన చేసినవాటిలో చాలా వేషాలు ఈ రోజు చూడటం కష్టం. నాయకుడి కథ ఒక దారి, హాస్యం జంట ఇంకో దారి. ఆ ట్రాకు మొత్తం కోసేసినా కథకు నష్టముండదు. రచయిత జవాబు రాయనప్పుడు జవాబు చెప్పే నటుడు ఏం చేస్తాడు? గొంతు పెంచుతాడు. ఆయనా పెంచారు. అభిమానులం అది కూడా గొప్పే అని వాదించి ఆయనకు మేలు చేయలేదు.

నిర్మాతగా చేసింది మాత్రం ఎవరూ కాదనలేరు. రేఖా అండ్ మురళీ ఆర్ట్స్ పెట్టి రామారావు, సావిత్రితో ‘దేవత’ తీశారు. 1967లో ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’లో తానే కథానాయకుడు. సంగీత దర్శకుడు కోదండపాణి వెంటబెట్టుకొచ్చిన కుర్రాడితో ఆ సినిమాకే మొదటి పాట పాడించారు. ఆ కుర్రాడు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం. మన సంఘాల్లో బాలు గారి పాటల సాయంత్రం జరగని ఏడాది లేదు. తొలి అవకాశమిచ్చిన సినిమా ఎవరిదో చెప్పే వ్యాఖ్యాత మాత్రం కనపడడు. 1970లో వాణిశ్రీతో ‘కథానాయిక మొల్ల’ తీసి తానే దర్శకత్వం వహించారు, నంది అందుకున్నారు. హాస్యనటుడి సంపాదన గోపవరం కవయిత్రి మొల్ల మీద పెట్టడం ఆ రోజుల్లో లాభం లెక్క చూసేవాళ్లు చేసే పని కాదు.

వచ్చే డిసెంబరులోనైనా, ఈలోపు విదేశంలో జరిగే మన మహాసభల్లోనైనా, కార్యక్రమ కమిటీవారు నలభై నిమిషాలు ఇవ్వండి. పరిచయానికి మూడు, సదాజపుడికి పన్నెండు, మర్యాద రామన్నకు పది, బాలు గారి తొలిపాట మన గాయకులే పాడటానికి అయిదు, మొల్లకు ఎనిమిది. మిగిలిన రెండూ దీపాలు ఆర్పి వెలిగించడానికే పోతాయి. బహిరంగ ప్రదర్శనకు హక్కుదారుల అనుమతి ముందే రాయించుకోండి. ఆఖరి వారంలో అడిగితే రాదు.

పాత సినిమా ప్రదర్శనలు చెడేది మూడు చోట్ల. మొదటిది తెర. ఆ సినిమాల బొమ్మ వెడల్పు ఎత్తుకు మూడో వంతే ఎక్కువ. ఇప్పటి ప్రొజెక్టర్ దాన్ని నిండా సాగదీస్తే మనుషులు ఇంకో మూడో వంతు వెడల్పవుతారు. అసలే పొట్టిగా ఉండే పద్మనాభం పీపాలా కనపడతారు. సాగదీయకుండా పైనా కిందా కత్తిరిస్తే ఎత్తులో పావు వంతు పోతుంది. గురువు తల ఉంచుదామంటే కాళ్ల దగ్గరున్న శిష్యుడు ఎగిరిపోతాడు. పక్కల నల్లగా వదిలేయండి, ఎవరూ ఏమీ అనుకోరు.

రెండోది వేగం. సెకనుకు 24 ఫ్రేముల సినిమాను మన టీవీ పద్ధతికి 25గా మార్చిన డిస్కులున్నాయి. వేగం వందకు నాలుగు పాళ్లు పెరుగుతుంది, గొంతు కూడా కీచుగా మారుతుంది. పద్మనాభం గొంతు కీచు అనేవాళ్లు కొందరు విన్నది బహుశా ఈ ప్రతులే. నడివి పోల్చి చూస్తే తెలిసిపోతుంది: గంట సినిమా యాభై ఏడున్నర నిమిషాల్లో అయిపోతే ఆ ప్రతి వద్దు. టీవీలో రికార్డు చేసినవీ వద్దు. ప్రకటనల కోసం వాళ్లు ముందుగా కత్తెర వేసేది హాస్యానికే.

మూడోది శబ్దం. డీజే పెట్టుకున్న బేసు అట్లే ఉంచితే పాత సౌండ్‌ట్రాకులో గుర్రుమనే మోత తప్ప మాట వినపడదు. సబ్‌వూఫర్ ఆపేయండి, బేసు బాగా తగ్గించండి, మాట పలికే మధ్యస్థాయిని కొంచెం పెంచండి. రెండు వైపులా ఒకే ధ్వని వెళ్లాలి. పరీక్ష ఖాళీ హాల్లో చేసి ఊరుకోవద్దు. జనం నిండాక మాట ఇంకా అణుగుతుంది.

పిల్లలతో సదాజపుడి ఘట్టం వేయించాలనుకుంటే పొడుగు పిల్లవాణ్ణి గురువుగా, పొట్టివాణ్ణి శిష్యుడిగా తీసుకోండి. కాలరు మైకులు పెట్టండి. చేతిలో మైకు ఉంటే సగం నటన దాన్ని మోయడానికే సరిపోతుంది. శిష్యుడికి నేర్పాల్సింది ఒక్కటే: గురువు మాట ముగిశాక మనసులో రెండు లెక్కపెట్టి అప్పుడు జవాబు చెప్పాలి. జవాబు చెప్పేటప్పుడు జనం వైపు కాదు, గురువు ముఖంలోకి చూడాలి. కీబోర్డు అతను ‘డొయ్ఁ’ అనిపించకుండా ఎవరైనా పక్కన కూర్చోండి. నాలుగు నిమిషాల ఘట్టానికి ఎనిమిది రిహార్సల్స్ చాలు. మొదటి నాలుగూ కూర్చుని చదవడానికే.

కడప సభలో అయితే సింహాద్రిపురం నుంచి ఒక బస్సు పెట్టించండి. సేవా కార్యక్రమాలకు బళ్లు తిప్పుతూనే ఉన్నాం, ఆ రోజు ఒకటి అటు పంపితే సరిపోతుంది. వచ్చినవాళ్లకు ముందు వరసలు వదలండి. దాతల కుర్చీలు ఒక్క సాయంత్రానికి రెండు వరసలు వెనక్కి జరగొచ్చు.