మా ఇంటికి శాప్ తగిలింది

డిసెంబరు చివరి వారం. ఆ నెలలోనే మా ప్రాజెక్టులో ఇద్దరిని ఇంటికి పంపారు. మూడో వికెట్ ఎవరిదా అని అందరం ఒకరి మొహం ఒకరం చూసుకుంటున్న రోజులు. మధ్యాహ్నం మీటింగులో ఉండగా మా ఆవిడ ఫోన్ చేసింది. కట్ చేశాను. మళ్ళీ చేసింది. మళ్ళీ కట్ చేశాను. ఈసారి మెసేజ్ వచ్చింది. "శాప్ నుంచి లెటర్ వచ్చింది. వార్నింగ్ అంట. త్వరగా రండి."

ఇరవై రెండేళ్ళుగా నేను శాప్ అనే సాఫ్ట్‌వేర్ మీదే బతుకుతున్నాను. దాన్ని తయారుచేసే జర్మనీ కంపెనీ వాళ్ళు ఎస్.ఏ.పీ. అని మూడక్షరాలూ విడివిడిగా పలకాలంటారు గానీ, అమీర్‌పేటలో కోర్సు చేసి విమానం ఎక్కినవాళ్ళం శాప్ అనే అంటాం. ఇంటి లోను, కారు లోను, పండగలకి కరీంనగర్ పంపే డబ్బులు, అన్నీ దాని పుణ్యమే. అలాంటిది నాకు వార్నింగ్ ఇచ్చి, అది కూడా నాకు చెప్పకుండా పోస్టులో మా ఆవిడకి పంపారంటే ఇంకేం మిగిలింది?

మీటింగు అవగానే ఉండబట్టలేక మేనేజర్ దగ్గరికి వెళ్ళాను.

"నా పనిలో మీకేమైనా లోపం కనిపించిందా?"

ఆయన తింటున్న శాండ్‌విచ్ పక్కన పెట్టాడు. "లేదే. ఎందుకు?"

"ఊరికే."

"ఊరికే ఎవరూ అడగరు కదా. ఏదైనా జరిగిందా?"

ఏమీ జరగలేదని మూడు రకాలుగా చెప్పాను. చెప్పేకొద్దీ ఏదో జరిగినట్టే వినపడింది. గుమ్మం దాటుతూ వెనక్కి చూస్తే, ఆయన శాండ్‌విచ్ వదిలేసి నోట్‌బుక్కులో ఏదో రాసుకుంటున్నాడు.

ఇంటికొచ్చేసరికి ఆ ఉత్తరం దేవుడి గదిలో ఆంజనేయస్వామి పటం కింద ఉంది. తెనాలి నుంచి వచ్చిన మా అత్తగారు పెట్టారు. తీసి చదివితే అది మా వాడి కాలేజీ నుంచి వచ్చింది, ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసు వాళ్ళది. శాప్ అంటే శాటిస్ఫాక్టరీ అకడమిక్ ప్రోగ్రెస్ అట. చదువు సంతృప్తికరంగా సాగడం లేదని మా వాడికి వార్నింగ్.

నా ఉద్యోగానికి ఢోకా లేదని తెలిసిన ఆ క్షణంలో నవ్వాను. ఆపుకోవాలనే చూశాను, కుదరలేదు. కొడుకు ఫెయిలయ్యాడని తెలిసి నవ్విన తండ్రిని మా ఆవిడ ఇంతవరకూ చూడలేదట. ఆ విషయం ఇప్పటికి అయిదు కుటుంబాలకి చెప్పింది.

ఈ ఎయిడ్ సంగతి కొంచెం చెప్పాలి. హెచ్1బీ వీసా మీద ఉన్నన్నాళ్ళూ మా పిల్లలకి, అమెరికా ప్రభుత్వం కాలేజీ చదువుకిచ్చే ఫెడరల్ ఎయిడ్ గడప తొక్కే యోగం లేదు. అది సిటిజన్లకి, గ్రీన్‌కార్డు వాళ్ళకి, ఇంకా కొద్దిమందికి. మా గ్రీన్‌కార్డు వాడు పదకొండో తరగతిలో ఉండగా వచ్చింది. ఇక మనమూ అర్హులమే అని ఆనందంగా ఫాఫ్సా అనే ఆ ఫారం నింపాం. జీతం చూసి గ్రాంటు ఇవ్వలేదు, అప్పు ఇచ్చారు. మొదటి ఏడాదికి 5,500 డాలర్లు. అప్పు పుట్టిందని పక్కింటివాళ్ళకి సున్నుండలు పంచిన కుటుంబం టెక్సాస్‌లోని ఈ ఫ్రిస్కో మొత్తమ్మీద మాది ఒక్కటే అనుకుంటాను.

సెలవులకి ఇంటికొచ్చి సోఫాలో పడుకుని ఉన్న మా వాణ్ణి లేపాం.

"కాలేజీ ఈమెయిలు చూడలేదా?"

"చూశా నాన్నా. శాప్ అని ఉంది. నీ వాళ్ళు పంపారేమో అనుకున్నా."

పోలికలు ఎక్కడికి పోతాయి.

"ఇంతకీ మార్కులెన్ని?"

"జీపీఏ నాలుగుకి 2.1. రెండు ఉంటే చాలు. నేను సేఫ్." ఆ ధైర్యం చూసి మా అత్తగారు దిష్టి తీయబోయారు.

వాడు చెప్పింది అబద్ధం కాదు, సగం నిజం. నాలుగు సబ్జెక్టులు, పద్నాలుగు క్రెడిట్లు. ఇంగ్లీషులో ఏ, గవర్నమెంటులో బీ. కెమిస్ట్రీ క్లాసు పొద్దున ఎనిమిదింటికి, అందువల్ల ఎఫ్. కాల్క్యులస్‌లో కూడా ఎఫ్ వచ్చేలా ఉందని రూమ్మేటు సలహా మీద మధ్యలో డ్రాప్ చేశాడు, దానికి డబ్ల్యూ. డబ్ల్యూ జీపీఏలో కలవదు. అక్కడిదాకా రూమ్మేటు చెప్పింది కరెక్టే. కానీ ఈ శాప్‌లో పేస్ అని ఇంకో లెక్క ఉంది. మొదలుపెట్టిన క్రెడిట్లలో 67 శాతం పూర్తి చేయాలి. డబ్ల్యూ అక్కడ మొదలుపెట్టినట్టే లెక్క, పూర్తి చేసినట్టు కాదు. పెళ్ళికి వెళ్ళి భోజనం చేయకుండా వచ్చినా చదివింపులు రాయించుకున్నట్టు. పద్నాలుగులో వాడు పూర్తి చేసింది ఆరు. నలభై మూడు శాతం.

"అరవై ఏడు ఎందుకు? డెబ్బై అనొచ్చుగా, రౌండుగా ఉంటుంది" అన్నాడు మా వాడు, తానేదో డెబ్బై తెచ్చుకునేవాడిలా.

దానికీ లెక్క ఉంది. డిగ్రీకి 120 క్రెడిట్లయితే, దానికి ఒకటిన్నర రెట్లు, అంటే 180 క్రెడిట్లు మొదలుపెట్టేలోపు పూర్తి చేసి బయటపడాలి. నూట ఇరవైని నూట ఎనభైతో భాగిస్తే దాదాపు 67 శాతం వస్తుంది. ఆ పొందిక చూసి నాకు నిజంగా ముచ్చటేసింది. మా శాప్ కంటే ఇదే పద్ధతిగా ఉందన్నాను. ఎవరూ నవ్వలేదు.

"సంతృప్తికరం అంటున్నారు కదా బాబూ, సంతృప్తి ఎవరికి?" అని అడిగారు అత్తగారు.

"గవర్నమెంటుకి అత్తయ్యా."

"అదెప్పుడు తృప్తి పడింది గనక!"

ఆ రాత్రి అప్పీలు రాయడానికి కూర్చున్నాం. ఏయే కారణాలకి అప్పీలు చేసుకోవచ్చో మా ఆవిడ కాలేజీ వెబ్‌సైటులో వెతికి చదివింది. దగ్గరి బంధువు మరణం, విద్యార్థికి గాయం, జబ్బు, ఇంకా ఏవైనా ప్రత్యేక పరిస్థితులు.

మా అత్తగారు వత్తులు చేస్తూ, "మొదటిది పెట్టండి. నేను పోయానని రాసేయండి, నాకేం అభ్యంతరం లేదు" అన్నారు.

"అమ్మా!"

"మీ నాన్న సెలవు కావాల్సినప్పుడల్లా వాళ్ళ నాయనమ్మని ఎన్నిసార్లు పంపించలేదూ? ఆవిడ తొంభై రెండేళ్ళు బతికింది. మంచిదే."

డెత్ సర్టిఫికెట్ జత చేయాలని చెప్పాక, అదొక్కటీ తనవల్ల కాదని ఒప్పుకుని మోకాళ్ళ నొప్పులకి దిగారు. విద్యార్థి మోకాళ్ళు అయి ఉండాలేమో అన్నాడు మా వాడు.

చివరికి కలం నా చేతికొచ్చింది. ఎందుకు తప్పారు, ఇప్పుడు ఏం మారింది అనే రెండు ప్రశ్నలకి అప్పీలులో జవాబు ఉండాలి. ఇదే పనికి క్లయింట్లు నాకు గంటకింత అని ఇస్తారు. సమస్యకి మూలకారణం, దాని ప్రభావం, తాత్కాలిక పరిష్కారం, శాశ్వత పరిష్కారం అని నాలుగు పేజీలు లాగించాను. మూలకారణం దగ్గర "ఉదయం ఎనిమిది గంటల స్లాటులో సిస్టమ్ అందుబాటులో లేకపోవడం" అని రాశాను. సిస్టమ్ అంటే మా వాడు. తెల్లవారుజామున రెండింటికి చదివి వినిపిస్తే మా ఆవిడ నిద్రపోయింది, మా వాడు ముందే పోయాడు. అత్తగారు మాత్రం చివరిదాకా విని, చాలా బాగుంది బాబూ, ఎవరికి సీరియస్‌గా ఉంది అని అడిగారు.

జనవరిలో ఆఫీసు తెరిచారు. ఫోన్ చేసి, ఫలానా అబ్బాయి తండ్రినని చెప్పాను. ఫెర్పా చట్టం ప్రకారం అబ్బాయి అనుమతి లేనిదే వాడి రికార్డు గురించి మాట్లాడలేమని చాలా మర్యాదగా చెప్పింది ఆ అమ్మాయి.

"ఫీజు కట్టేది నేనేనమ్మా."

"థాంక్యూ" అంది.

ఫోన్ మా వాడికిచ్చాను. వాడు రెండు నిమిషాలు "ఓకే, ఓకే, కూల్" అని పెట్టేశాడు.

"ఏమందిరా?"

"అప్పీలు అక్కర్లేదంట. ఇది సస్పెన్షన్ కాదు, వార్నింగే. ఈ సెమిస్టరుకి 2,750 ఎలాగూ వస్తుంది. ఇది అయ్యేలోపు లెక్క సరిచేసుకోకపోతే అప్పుడు అప్పీలు."

నాలుగు పేజీలు నా చేతిలోనే ఉన్నాయి.

"ఇంకోటి కూడా అడిగింది. ఏపీ క్రెడిట్లు ఏమైనా ఉన్నాయా అని."

మా అత్తగారు వత్తుల పళ్ళెం దించారు. "ఏపీకి ఇక్కడ క్రెడిట్లు ఇస్తారా?"

హైస్కూల్లో రాసే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షలని వివరించేలోపే మా ఆవిడ, "మరి తెలంగాణకి లేవా?" అని నావైపు చూసి నవ్వింది. పెళ్ళయినప్పటి నుంచీ ఇలాంటి రోజు కోసమే చూస్తోంది.

మా వాడు హైస్కూల్లో మూడు ఏపీ పరీక్షలు రాసి మూడూ పాసయ్యాడు. ఒక్కోదానికి దాదాపు వంద డాలర్లు కట్టింది నేనే. పదకొండు క్రెడిట్లు రావాలి. ఆ స్కోర్లు కాలేజీకి పంపలేదు. ఎందుకు పంపలేదురా అంటే, ఎవరూ అడగలేదు అన్నాడు. జూన్‌లోపు అయితే ఒక కాలేజీకి ఉచితంగా పంపేవాళ్ళు, ఇప్పుడు పదిహేను డాలర్లు. కట్టాను. మా వాడి కాలేజీలో ఏపీ క్రెడిట్లు మొదలుపెట్టినవాటిలోనూ కలుస్తాయి, పూర్తయినవాటిలోనూ కలుస్తాయి. పద్నాలుగుకి పదకొండు కలిపితే ఇరవై అయిదు, ఆరుకి పదకొండు కలిపితే పదిహేడు. అరవై ఎనిమిది శాతం. ఒక్క శాతం మిగులు కూడా.

ఆ శనివారం అత్తగారు అందరినీ కార్యసిద్ధి హనుమాన్ గుడికి తీసుకెళ్ళి ప్రదక్షిణలు చేయించారు. తెనాలికి ఫోన్ చేసి, "పిల్లాణ్ణి మన ఏపీయే ఒడ్డున పడేసింది" అని చెప్పారు. నేను సరిదిద్దలేదు. సరిదిద్దితే కాల్క్యులస్ దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

సోమవారం ఆఫీసుకి వెళ్తే క్యాలెండర్లో కొత్త మీటింగు కనిపించింది. ప్రతి శుక్రవారం సాయంత్రం నాలుగింటికి, మేనేజరూ నేనూ, ఇద్దరమే. విషయం: నీ ప్రోగ్రెస్. ఇన్నేళ్ళలో నా ప్రోగ్రెస్ గురించి ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ గుండెల మీద చెయ్యి వేసుకుంది. అత్తగారు దేవుడి గదిలోకి వెళ్ళారు. మా వాడొక్కడే సోఫాలోంచి లేవకుండా, అనుభవజ్ఞుడిలా అడిగాడు.

"సస్పెన్షనా, వార్నింగా?"

"ప్రస్తుతానికి వార్నింగే అనుకుంటా."

"అయితే అప్పీలు రాయకు నాన్నా."