నిద్రపోయే బాతులపై ఒక ఫిర్యాదు

చలికాలం, తెల్లవారుజామున నాలుగింటికి అలారం పెట్టుకుని లేచి, ఒకదాని మీద ఒకటి మూడు స్వెట్టర్లు తొడుక్కుని చిత్తడి నేలల అభయారణ్యానికి వెళ్లిన మనిషికి పక్షులు కనీసం ముఖం చూపించాలా వద్దా? ఆ రోజు నేను చూసినవన్నీ వీపులే. రెండు వందల దాకా ఉంటాయి.

సూదితోక బాతులు. ఉత్తరాదిన నీళ్లు గడ్డకట్టి తిండి దొరకదని అంత దూరం ఎగిరొచ్చాయి. వచ్చి చేస్తున్నదేమిటి? ముక్కు వీపు ఈకల్లో దోపుకుని, ఒంటికాలి మీద నిలబడి నిద్ర. రెండో కాలు పొట్ట ఈకల్లో దాచుకుంటే ఒంట్లో వేడి పోదట. మల్లార్డ్ బాతుల మీద 1999లో వచ్చిన పరిశోధన ఇంకా విడ్డూరం: గుంపు అంచున పడుకున్నవి సగం మెదడుతో నిద్రపోయి, బయటివైపు కన్ను తెరిచి కాపలా కాస్తాయట. మీటింగుల్లో ఈ విద్య మనకూ వచ్చు. కాకపోతే మనల్ని చూడ్డానికి ఎవరూ బైనాక్యులర్స్ వేసుకుని రారు.

నా బైనాక్యులర్స్ మీద 8×42 అని రాసుంది. ముందు అద్దం 42 మిల్లీమీటర్లు, బొమ్మ ఎనిమిది రెట్లు పెద్దది. ఎనిమిది రెట్లు పెద్దదైనా వీపు వీపే.

పక్కనే ఫిరంగిలాంటి లెన్స్ పెట్టుకున్న ఒకాయన నాకంటే ముందే విసిగిపోయినట్టున్నాడు. ఫ్లైట్ షాట్, అంటే ఎగురుతున్న ఫొటో, కావాలని గట్టిగా చప్పట్లు కొట్టాడు. రెండు వందల బాతులూ ఒక్కసారి లేచాయి. నీళ్ల మీద వాన పడ్డట్టు రెక్కల చప్పుడు, వెనకే టకటకా షట్టర్. అలా ఉలిక్కిపడి లేచిన ప్రతిసారీ తిరుగు ప్రయాణానికి దాచుకున్న కొవ్వు కొంత కరిగిపోతుందని పక్షిప్రేమికులు ఒంటికాలి మీద లేస్తారు. మరి ఆయన మెమొరీ కార్డు కరగడం లేదా? అభయారణ్యం అన్నారు కాబట్టి అభయం ఉండాలంటారా, అది బోర్డు మీద ఉంది కదా.

అయినా ఇవి ఎగరలేనివేం కావు. 2022లో బార్ టెయిల్డ్ గాడ్‌విట్ అనే వలస పక్షి ఒకటి అలాస్కాలో బయల్దేరి, ఎక్కడా దిగకుండా 11 రోజుల్లో 13,560 కిలోమీటర్లు ఎగిరి టాస్మేనియాలో వాలింది. దాని వయసు అయిదు నెలలు. పసిపిల్లే అంత దూరం వెళ్తే, పెద్దవాళ్లయిన బాతులు మా కోసం వెలుతురు బాగున్న వైపు అయిదు నిమిషాలు తిరగలేవా? ఉదయం ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా డ్యూటీ, తర్వాత ఎంతసేపైనా పడుకోవచ్చు. ఇంతకంటే ఉదారమైన టైంటేబుల్ ఎవరిస్తారు?

కొంగ మాత్రం కాస్త నయం, కదలకుండా నిలబడుతుంది. దాని జపం చేప కోసమే అనుకోండి, మన ఫొటోకీ పనికొస్తుంది.

ఇంతలో అవతలి గట్టున ఏదో అరుదైన పిట్ట వాలిందని ఎవరో గుసగుసగా అన్నారు. ఆ గుసగుస విని జనమంతా స్టాండ్లు భుజాన వేసుకుని దబదబా పరిగెత్తారు. స్వెట్టర్ల బరువుకి నేను వెనకబడ్డాను.

అప్పుడు రెల్లులోంచి ఒక బొల్లికోడి బయటికొచ్చింది. నల్లటి ఒళ్లు, నుదుట తెల్లటి బొల్లి, ఎర్రటి కళ్లు. వేళ్లకు రేకుల్లాంటి చర్మం ఉండటంతో, ఎవరివో పెద్ద చెప్పులు వేసుకొచ్చినట్టు బురదలో తపతపా నడుచుకుంటూ నాకు నాలుగడుగుల దూరంలో ఆగింది. తల పక్కకు వంచి, తీరిగ్గా నా ముఖంలోకి చూసింది.

నేను కెమెరా తీయలేదు. నేను చూసిన పక్షుల లిస్టులో బొల్లికోడికి ఎప్పుడో టిక్ పడిపోయింది.