నాకు తెలిసిన దారే

కాలిఫోర్నియాలోని జాషువా ట్రీ నేషనల్ పార్కులో హిడెన్ వ్యాలీ అనే కాలిబాట ఒకటుంది. దాని పొడవు ఒక మైలు. చుట్టూ కోటగోడల్లా లేచిన రాతిగుట్టల మధ్య పళ్లెంలా పరుచుకున్న చిన్న లోయ అది. ఒక సందులోంచి లోపలికి వెళ్లి, గుండ్రంగా తిరిగి, మళ్లీ ఆ సందులోంచే బయటికి రావాలి. చంటిపిల్లలను వీపున కట్టుకుని కూడా జనం హాయిగా నడిచి వచ్చేస్తుంటారు. ఆ దారిని మా కుటుంబం కిందటి థాంక్స్‌గివింగ్ సెలవుల్లో రెండున్నర గంటల పాటు నడిచింది.

ఈ ఘనత పూర్తిగా నాదే. పెళ్లికి ముందు, 2013లో, స్నేహితులతో ఒకసారి ఆ లోయ చూసి వచ్చిన నేను, అప్పటినుంచి ఎడారి అనే మాట ఎవరి నోట వినబడినా దాని గురించి ఉపన్యసించే హక్కు సంపాదించుకున్నాననే నమ్మకంతో బతుకుతున్నాను. మామగారు, అత్తగారు హైదరాబాదు నుంచి రావడంతో ఆ హక్కును వినియోగించుకునే అవకాశం దొరికింది. వారికి హోటలు తిండి పడదని 25 అడుగుల ఆర్‌వీ అద్దెకు తీసుకున్నాను. పొయ్యి, ఫ్రిజ్, మంచాలు, స్నానాల గది అన్నీ ఉన్న ఆ చక్రాల ఇంట్లో మలుపు తిరిగిన ప్రతిసారీ అల్మరా తలుపు తెరుచుకుని ఆవకాయ సీసా బయటికి తొంగిచూస్తుంటే, మూడో మలుపు దగ్గర అత్తగారు దాన్ని తీసి, తువ్వాలు చుట్టి, ఖాళీ సీట్లో కూర్చోబెట్టి బెల్టు బిగించారు. ఆ బండిలో మురుగు ట్యాంకు ఖాళీ చేసే విధానం కూడా నేర్చుకున్నాను కానీ, భోజనం చేస్తూ చదివేవారు ఉంటారు కనుక ఆ సంగతి వదిలేస్తున్నాను.

మధ్యాహ్నం రెండు గంటలకు పార్కింగు స్థలం చివర బండి ఆపాను. "ఏమండీ, ఇక్కడ సిగ్నల్ లేదు, పొద్దున్నే మ్యాపు డౌన్‌లోడ్ చేసుకుందామంటే వద్దన్నారు" అని మా ఆవిడ గుర్తుచేసింది. మైలు దారికి మ్యాపు వాడేవాడు వీధి చివర పాల ప్యాకెట్టుకు కూడా మ్యాపు వాడతాడని నేను తేల్చి చెప్పాను. పులిహోర తిరిగొచ్చాక తినవచ్చని ఫ్రిజ్‌లోనే ఉంచేయమన్నదీ నేనే. లోపల తాగునీళ్లు దొరకవని తెలుసు కాబట్టి మనిషికొక సీసా మాత్రం పట్టించాను.

సందు దాటుతుండగా చరిత్ర మొదలుపెట్టాను. పూర్వం పశువుల దొంగలు కొట్టుకొచ్చిన మందలను ఈ లోయలో దాచేవారని, ఆ తరువాత బిల్ కీస్ అనే పశువుల ఆసామి మేత కోసం ఈ రాతిగోడను డైనమైటుతో పేల్చి దారి చేశాడని ఇక్కడ చెప్పుకుంటారు. "ఒకసారి లోపలికి తోలితే పశువుకు బయటపడే దారి తెలిసేది కాదన్నమాట" అని నేనే ఎంతో రసవత్తరంగా వివరించాను. అలా వివరిస్తూ, దారి రెండుగా చీలే చోట నిలబెట్టిన బోర్డును చూడకుండా దాటిపోయాను.

మామగారు చుట్టూ చూసి, "బాబూ, ఇవి మన ఖాజాగూడ రాళ్లే కదా. అక్కడ పగలగొట్టి అపార్టుమెంట్లు కట్టారు, ఇక్కడ బండికి 30 డాలర్లు పెట్టి చూడమన్నారు" అన్నారు. కాసేపటికి అత్తగారు ఒక బండ ముందు ఆగిపోయారు. పెద్ద బొజ్జ, దాని మీద ఎడమకు వంగిన తొండంలాంటి అంచు, ఒక పక్క చెవిలా విచ్చుకున్న పెచ్చు. "వినాయకుడే!" అని చెప్పులు విడిచి దండం పెట్టుకున్నారు. ఎదురుగా నిట్టనిలువు బండ మీద, నేలకు మనిషెత్తున, నేర్చుకుంటున్న కుర్రాడొకడు తాడు కట్టుకుని బల్లిలా అతుక్కుని ఉన్నాడు. మాకు చెయ్యి ఊపబోయి, పట్టు గుర్తొచ్చి మానుకున్నాడు.

ముప్పావు గంట తరువాత మరో వినాయకుడు కనిపించాడు. అత్తగారు మళ్లీ చెప్పులు విడిచారు. మావాడు, "నాన్నా, ఇది ఇందాకటి గణేశుడే కదా?" అన్నాడు. తొమ్మిదేళ్ల పిల్లవాడికి శాస్త్రీయ దృక్పథం అలవాటు చేయాలి కదా. ఈ రాయి కోట్ల ఏళ్ల కిందట నేల అడుగున చల్లబడిన శిలాద్రవమని, అది నిలువుగా, అడ్డంగా బీటలు వారిందని, ఆ బీటల్లోకి దిగిన నీరు మూలలను తినేయడం వల్ల బండలన్నీ గుండ్రబడి ఒకదాన్నొకటి పోలి ఉంటాయని, అందుచేత ఇలాంటి వినాయకులు ఈ పార్కులో వందల్లో ఉంటారని చెప్పాను. చెప్పినదాంట్లో చివరి ముక్క తప్ప అంతా నిజమే. బండ మీది కుర్రాడు ఇప్పుడు సగం ఎత్తులో ఉన్నాడు. మమ్మల్ని చూసి "మళ్లీ మీరేనా!" అన్నట్టు ఏదో అరిచాడు. అమెరికావాళ్లు అపరిచితులను కూడా ఆప్యాయంగా పలకరిస్తారని మామగారికి చెప్పాను.

నాలుగు దాటింది. నవంబరు చివరలో అక్కడ నాలుగున్నర దాటితే సూర్యుడు ఉండడు, ఎండతో పాటే వెచ్చదనమూ పోతుంది. సీసాలు ఖాళీ అయ్యాయి. మావాడు తన చేతి గడియారం చూసుకుని, మనం దాదాపు మూడు మైళ్లు నడిచామని ప్రకటించాడు. ఆ గడియారం చైనాదని నేను అంటుండగానే మూడో వినాయకుడు ప్రత్యక్షమయ్యాడు. తలెత్తి చూస్తే బండ శిఖరాన కాళ్లు వేలాడేసుకుని కుర్రాడు అరటిపండు తింటున్నాడు. "మీరు దేనికైనా ట్రైనింగ్ అవుతున్నారా?" అని ఎంతో మర్యాదగా అడిగాడు.

ఎవరూ మాట్లాడలేదు. మామగారు గొంతు సవరించుకుని, "శాస్త్రప్రకారం వినాయకుడికి ఒక్క ప్రదక్షిణ చాలు. శివుడికైతే మూడు" అన్నారు.

అప్పుడు అత్తగారు కొంగు సర్దుకుని, "బయటికి పోయే సందు అటుంది బాబూ, ఆ బోర్డు పక్కన. ఇందాకా అక్కడే ఉంది, అంతకుముందూ అక్కడే ఉంది" అన్నారు.

"మరి చెప్పలేదేం అత్తయ్యా?"

"మీరు అంత నమ్మకంగా ముందు నడుస్తుంటే, అల్లుడి మాట కాదనడం ఏం బాగుంటుందని ఊరుకున్నాను. పైగా మీరు చూసిన చోటని అమ్మాయి కూడా చెప్పింది."

మా ఆవిడ ఆకాశంలోకి చూసింది. తనకూ రెండో చుట్టులోనే అనుమానం వచ్చిందట. అయితే పుట్టింటివాళ్ల ముందు మొగుణ్ని తీసేసినట్టు ఉంటుందని ఆగిందట. మామగారేమో తన మోకాళ్ల సత్తువ చూసుకుందామని మాట్లాడకుండా నడిచారట. ఇంతమంది మర్యాదస్తుల మధ్య నిజం చెప్పినవాడు మావాడొక్కడే, వాడికి నేను శిలాద్రవం గురించి పాఠం చెప్పాను.

చీకటి పడే వేళకు ఆర్‌వీ చేరి, అందరం నిలబడే పులిహోర తిన్నాం. ఆవకాయకు కట్టిన సీటుబెల్టు విప్పే ఓపిక కూడా ఎవరికీ లేకపోయింది.

మర్నాడు ఉదయం కాఫీ తాగుతూ, బార్కర్ డ్యామ్ అని ఇంకో కాలిబాట దగ్గర్లోనే ఉందని, అదీ మైలు చిల్లర ఉండే గుండ్రటి దారేనని, దాన్ని కూడా 2013లో నేను చూశానని చెప్పాను. ఎవరూ కాదనలేదు. అత్తగారు మాత్రం లేచి వెళ్లి మరో సోలెడు బియ్యం కడిగి, రెండు డబ్బాలు సరిపోయేచోట పులిహోర ఆరు డబ్బాలు సర్దారు.