పాలమూరు చలికి రిమోట్ స్టార్టరా?

నిన్న పొద్దటి నుంచి ఒకే మెసేజ్ ఏడుసార్లు వచ్చింది. ఫ్యామిలీ గ్రూపులో మా బావ, పదో తరగతి దోస్తులు ఇద్దరు, అపార్ట్‌మెంట్ సెక్రటరీ సాబ్, ఆఖరికి మా ఇంటికి పాలు పోసే ఆయన కూడా పంపిండు, ఆయనకు కారే లేదు. "చలికాలం కారు ఓనర్లకు హెచ్చరిక" అని మొదలవుతుంది. చల్లటి ఇంజన్‌తో బండి కదిలిస్తే ఇంజన్ ఖతమట, రోజూ 15 నిమిషాలు వేడెక్కించాలట, లేకపోతే బ్యాటరీ పోతుందట, అమెరికాలో రిమోట్ స్టార్టర్ కంపల్సరీ అట. ఏ కారుకైనా, గేర్ల బండికైనా, రెండు గంటల్లో వైర్లు కలిపి పెట్టేస్తారట, మంచం మీద నుంచి బటన్ నొక్కితే కింద షట్టర్‌లో బండి దానంతటదే స్టార్టవుతుందట.

ఆ చివరి మాట చదివాకే నాకు ఒళ్లు మండింది. ముందు మిగతావి అయిపోగొడదాం.

అమెరికాలో కంపల్సరీ ఏం కాదు. మా చిన్నాయన కొడుకు మిన్నెసోటాలో ఉంటాడు, అక్కడ జనవరిలో మైనస్ 25కి కూడా పడిపోతుంది. ఆ చలిలో అది పనికొచ్చే వస్తువే, కాదనను. అద్దం మీద గడ్డకట్టిన మంచు కరుగుతుంది, స్టీరింగ్ పట్టుకుంటే చేతులు కొంకర్లు పోవు. మరి మహబూబ్‌నగర్‌లో? డిసెంబర్ తెల్లవారుజామున 14, 15 డిగ్రీలు. దానికే మనం మఫ్లర్ చుట్టుకొని చాయ్ బండి దగ్గర వణుకుతుంటాం, నిజమే, కానీ ఇంజన్ మనలా వణకదు. ఆయిల్ డబ్బా మీద 5డబ్ల్యూ-30 అని ఉంటుంది చూడండి, ఆ డబ్ల్యూ అంటే వింటర్. అంత చలిలోనూ ఇంజన్‌ను తిరగనిస్తుందా లేదా అని ఆ ఆయిల్‌ను మైనస్ 30 దగ్గర పరీక్షిస్తారు. దానికి మన 14 డిగ్రీలు ఎండాకాలం కింద లెక్క.

పదిహేను నిమిషాల సంగతి చోక్ లాగే రోజుల నాటి అలవాటు. మా నాయన అట్లనే చేసేవాడు, పెట్రోల్‌ను గాలితో కలిపే పాత కార్బ్యురేటర్ ఉన్న ఆ బండికి అది సరైన పనే. కంప్యూటర్ కొలిచి పెట్రోల్ చిమ్మే ఇప్పటి ఇంజెక్షన్ బండికి అర నిమిషం చాలు, మొదటి రెండు మూడు కిలోమీటర్లు రేజ్ చేయకుండా మెల్లగా నడిపితే నిలబెట్టిన దానికంటే తొందరగా వేడెక్కుతుంది. ఊరికే నిలబెట్టి నడిపితే ఎక్కువ పెట్రోల్ పోయి, మండకుండా మిగిలింది కాస్త ఆయిల్‌లో కలుస్తుంది. రోజుకు 150 మిల్లీలీటర్లు వేసుకున్నా నెలకు నాలుగున్నర లీటర్లు. ఎవరి డబ్బులు వాళ్లిష్టం.

బ్యాటరీకి మన దగ్గర అసలు శత్రువు మే నెల ఎండ. ఎండలో దెబ్బతిన్నది చలికాలంలో బయటపడుతుంది, తిట్లు మాత్రం చలికి.

ఇక ఆ చివరి మాట. మనవాళ్లు హ్యాండ్ బ్రేక్‌ను నమ్మరు, నేనూ నమ్మను, బండి ఆపి మొదటి గేర్‌లో వేసి దిగుతాం. గేర్‌లో ఉన్న బండికి స్టార్టర్ తగిలితే ఏమవుతుంది? ఎగిరి ముందుకు దూకుతుంది. అందుకే చాలా బండ్లలో క్లచ్ తొక్కనిదే స్టార్ట్ కాకుండా ఒక స్విచ్ పెడతారు. ఈ రెండు గంటల కళాకారులు మొదట చేసే పని ఆ స్విచ్‌ను బైపాస్ చేయడం. గేర్ల బండికి పెట్టే మంచి రిమోట్ స్టార్టర్ కిట్లలో, బండి గేర్‌లో లేదని ఖాయం చేసుకోవడానికి ఒక పద్ధతి ఉంటుంది. న్యూట్రల్‌లో ఇంజన్ నడుస్తుండగానే మనం దిగి తలుపులు వేయాలి, ఆ తర్వాత కిట్టే ఇంజన్ ఆపుతుంది. మళ్లీ ఎవరైనా తలుపు తెరిస్తే, గేర్ వేసి ఉండొచ్చు కాబట్టి, రిమోట్ పనిచేయదు. మన దగ్గర ఆ తలుపు వైరు ఎవరు కలుపుతున్నారు?

పోయిన సంక్రాంతికి మా గల్లీలోనే చూసిన. పై అంతస్తు నుంచి బటన్ నొక్కిండ్రు, కింద బండి దూకి గేటు పిల్లర్‌ను గుద్దింది. వాకిలి ఊడ్చే ఆమె అప్పుడే చీపురు కట్ట పెట్టడానికి పక్కకు పోయింది. ఆమె ఇంకో నిమిషం ఊడ్చి ఉంటే? ఫిట్టర్‌ను అడిగితే "గేర్‌లో పెట్టుడు మీ తప్పు సార్" అన్నడట.

షట్టర్ సంగతి ఇంకా ఘోరం. చల్లటి ఇంజన్ పొగలోనే కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ, ఎందుకంటే దాన్ని శుద్ధి చేసే కన్వర్టర్ ఇంకా వేడెక్కి ఉండదు. వాసన లేదు, రంగు లేదు, రక్తంలో ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. ముందు తలనొప్పి, తర్వాత మత్తు. షట్టర్ మూసి ఉంది, మెట్లు పైకే పోతాయి, పైన పిల్లలు దుప్పటి కప్పుకొని పడుకున్నారు, ఎవరికి తెలుస్తుంది? చలికాలం జాగ్రత్తట!

షట్టర్ లేదు, రోడ్డు మీదే పెడతాం అంటారా? డ్రైవర్ సీట్లో లైసెన్స్ ఉన్న మనిషి లేకుండా, ఇంజన్ ఆపకుండా పబ్లిక్ స్థలంలో బండి నిలపకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 126వ సెక్షన్ చెబుతోంది. దీనికి తోడు, తాళం చెవిలో చిప్ ఉన్న బండి ఆ చిప్ దగ్గర లేనిదే స్టార్ట్ కాదు కాబట్టి, ఈ కిట్ పనిచేయాలని కొందరు రెండో తాళం చెవిని డ్యాష్‌బోర్డ్ లోపలే దాచేస్తారు. దొంగకు సగం పని మనమే చేసిపెట్టినట్టు. బండి పోతే ఇన్సూరెన్స్ వాళ్లు రెండు తాళం చెవులూ అడుగుతారు, ఒకటి బండితోనే పోయిందని చెప్పుకోవాలి.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఇదే మెసేజ్ మే నెలలో వచ్చి ఉంటే నేనింత రాసేవాణ్ని కాదేమో. మిర్యాలగూడలో ఎండకు పెట్టిన కారు సీటు మీద కూర్చున్నవాళ్లకు తెలుసు ఆ బాధ. కంపెనీ నుంచే రిమోట్ స్టార్ట్‌తో వచ్చిన ఆటోమేటిక్ బండి ఉన్నవాళ్లు, ఆరుబయట పెట్టి, కళ్లముందు ఉండగా రెండు నిమిషాలు ఏసీ వేసుకుంటే నాకేం అభ్యంతరం లేదు. మా అక్క బండికి ఉంది, నాకూ కొంచెం కుళ్లే.

మన అపార్ట్‌మెంట్‌లో గేర్ల బండ్లకు ఇప్పటికే ఇద్దరు పెట్టించిండ్రని విన్న. అన్నా, దయచేసి ఈ రోజే ఆ కిట్ ఫ్యూజ్ పీకించండి. సాయంత్రం ఐదు తర్వాత సెల్లార్‌లో మీ బండ్ల ముందే పిల్లలు క్రికెట్ ఆడుతున్నరు.