అక్వేరియంలో దూరే కుడిచేతి వారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ కుడిచేతి వారి సముఖమునకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. కానీ తమరు మోచేతి దాకా తడిసి క్షేమంగానే ఉన్నారు, ఉప్పునీటి ట్యాంకులోని టోడ్‌స్టూల్ లెదర్ కోరల్ (పుట్టగొడుగు ఆకారపు మెత్తటి పగడం) మాత్రం ముడుచుకుని మైనపు ముద్దలా కూర్చుంది. కాబట్టి ఏకకుశలోపరి.

సోమవారం తమరు దాన్ని మూలనుంచి మధ్యకు జరిపారు, లైటు చాలడం లేదని. బుధవారానికి అది పాలిప్స్ (ఒంటిమీది పూలలాంటి చిన్న నోళ్లు) అన్నీ లోపలికి లాక్కుంది. గురువారం ఇంకో రాయి ఎక్కించారు. శనివారం దాని ఒంటిమీద మెరిసే పొర ఒకటి కనబడితే, టూత్‌బ్రష్ పట్టుకుని బయల్దేరారు. అయ్యా, అది రోగం కాదు, స్నానం. ఈ కోరల్‌ది సార్కోఫైటన్ జాతి, అది అప్పుడప్పుడూ పాలిప్స్ మూసేసి, మైనం లాంటి పొర కట్టి, ఒంటిమీద చేరిన నాచునీ మురికినీ ఆ పొరతో సహా వదిలించుకుంటుంది. పాము కుబుసం విడిచినట్టే. ఒక్కోసారి నాలుగు రోజులు, ఒక్కోసారి రెండు వారాలు. చోటు మార్చినా, ఉప్పు శాతం తేడా వచ్చినా అలగడం దాని జన్మహక్కు. దానికి కావలసింది ఆ పొరను ఊడ్చుకెళ్లే నీటి ఒరవడి. ట్యాంకులో నీటిని కదిలించే వేవ్‌మేకర్‌ను కాస్త తిప్పి, నీళ్లు అద్దానికి కొట్టుకుని దానిమీదుగా వెనక్కి వచ్చేలా చేస్తే చాలు. నేరుగా ముఖాన కొట్టిస్తే మళ్లీ అలుగుతుంది. కాడ మొదట్లో నల్లబడి, మెత్తబడి, కుళ్లు వాసన వస్తే అది వేరే కథ. అప్పుడు తమరికి కబురు పెడతాం, కత్తితో రండి.

రెండో ఫిర్యాదు తమరు ఒంపే క్యాల్షియం సీసాల గురించి. మెత్తటి పగడానికి రాతి ఎముక ఉండదు. కండలో స్క్లెరైట్లనే సన్నటి కాల్సైట్ పలుకులు ఉంటాయి, అంతే. వాటికోసం రోజూ క్యాల్షియం పోయక్కర్లేదు. వారానికి 10 శాతం నీళ్లు మారిస్తే కొత్త ఉప్పులో వచ్చేదే సరిపోతుంది. నీటి ఉప్పదనాన్ని చెప్పే స్పెసిఫిక్ గ్రావిటీ 1.025, ఉష్ణోగ్రత 25 నుంచి 26 డిగ్రీలు, ఆల్కలినిటీ (నీటి క్షారత, ముద్దుగా ఆల్క్) 8 నుంచి 9 డీకేహెచ్ (దాని కొలమానం). ఈ అంకెల్లో అటూ ఇటూ కాస్త ఉన్నా ఏమీ కాదు. ఆల్క్ 7.5 వచ్చిందని తమరు గబగబా పోసి సాయంత్రానికి 10 చేస్తారే, దానివల్లే అవుతుంది. నైట్రేట్ సున్నా, ఫాస్ఫేట్ సున్నా చేయాలన్న మోజు ఇంకో తెగులు. ఈ జాతికి కాస్త మురికినీళ్లే ఇష్టం. నైట్రేట్ 5 నుంచి 15 పీపీఎం, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 దాకా ఉండనివ్వండి. రెండూ సున్నా చేస్తే జీనియా అనే ఇంకో మెత్తటి పగడం కరిగిపోతుంది, ఆ ఖాళీలోకి గోధుమరంగు చీమిడిలాంటి డైనోఫ్లాజెల్లేట్లనే సూక్ష్మజీవులు వచ్చి కూర్చుంటాయి.

నీళ్ల సంగతి. వంటింటి ఆర్‌ఓ నీళ్లు పడుతున్నారు. తాగే నీళ్ల మిషన్లు చాలావాటిలో రుచి కోసం కొంత పచ్చినీటిని మళ్లీ కలిపే టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మోతాదు) అడ్జస్టర్ ఉంటుంది. మీటరు పెట్టి చూడండి, 50 పైనే చూపిస్తుంది. మనిషికి రుచి, ట్యాంకుకు నాచు. అడ్జస్టర్ మూసి, వెనక మిగిలిన లవణాలను పీల్చే డీఐ రెసిన్ గొట్టం ఒకటి తగిలించి, 0 వచ్చాకే పట్టండి. మే నెలలో నీటిమీదికి ఫ్యాను పెట్టడం మంచిదే, రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. హైదరాబాద్ పొడిగాలిలో దిగినంతగా విశాఖ ఉక్కపోతలో దిగదు, అక్కడ నీటిని చల్లబరిచే చిల్లర్ యంత్రమే గతి. కానీ ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు కాదు. తగ్గిన నీటికి బదులు తమరు ఉప్పునీళ్లు పోస్తున్నారు, అదీ లెక్కా? మంచినీళ్లే పోయాలి. కరెంటు పోతే ముందు ఇన్వర్టరు మీదికి ఎక్కవలసింది లైటు కాదు, వేవ్‌మేకర్. ప్రవాహం ఆగితే ఆక్సిజన్ తగ్గి ముందు చేపలు పోతాయి, వాటి వెనకే మిగతావీ.

పైగా తమరు వచ్చేటప్పుడు ఒట్టిచేతులతో రారు. తలకు రాసుకున్న కొబ్బరినూనె, శానిటైజరు, సబ్బు వాసన, అన్నీ వెంట తెస్తారు. నూనె నీటిమీద పొర కట్టి, మురికిని నురగతో బయటికి తీసే స్కిమ్మర్ నురగను చంపేస్తుంది. మోచేతి దాకా మామూలు నీళ్లతో కడుక్కుని, ఉంగరాలు తీసి రండి. వేలికి గాయముంటే అసలే రావద్దు. ట్యాంకు నీటిలో ఉండే మైకోబ్యాక్టీరియం మారినమ్ గాయంలో చేరితే నెలల తరబడి మానని పుండు పడుతుంది. ఇది వెటకారం కాదు.

ఇక తమరు నిజంగా అక్కరకొచ్చే రోజు ఒకటుంది. ఫ్రాగింగ్ రోజు, అంటే కోరల్‌ను కోసి ముక్కలను పిల్లలుగా పెంచే రోజు. చేతి తొడుగులు, కళ్లజోడు, కొత్త సర్జికల్ బ్లేడు, ట్యాంకు నీళ్లే పోసిన మూడు టబ్బులు. మొదటి టబ్బులో కోత: టోడ్‌స్టూల్ గొడుగును కాడకు కాస్త పైన ఒకే కోతలో తీసేయాలి. నమలకూడదు, రంపంలా కోయకూడదు. మొండి కాడను తిరిగి దాని చోటే పెట్టండి, కొన్ని వారాల్లో కొత్త గొడుగు వేస్తుంది. గొడుగును పిజ్జా ముక్కల్లా, ఒక్కోటి 3 సెంటీమీటర్ల వెడల్పున కోసి, రెండో టబ్బులో జిగురు పోయేదాకా ఆడించి, మూడో దానిలో అయోడిన్ డిప్ (కోత కుళ్లకుండా ముంచే మందు), సీసామీద రాసిన మోతాదులోనే. ఇక్కడే తమరి ప్రతిభ బయటపడుతుంది. సూపర్‌గ్లూ తీసి ముక్కను నేరుగా ప్లగ్‌కు (కోరల్‌ను నిలబెట్టే చిన్న దిమ్మకు) అతికిస్తారు. మర్నాటికి ముక్క ముడుచుకుని, ఒంటి జిగురు ఊరి, ఎండిన గ్లూ పెచ్చుతో సహా ఊడి పంపులో దూరుతుంది. మాంసానికి గ్లూ అంటదండీ, రాయికే అంటుతుంది. ప్లాస్టిక్ గ్లాసు అడుగున చిన్న రాతి ముక్కలు పరిచి, కోరల్ ముక్కలు వేసి, మూతికి దోమతెర గుడ్డ కప్పి రబ్బరు బ్యాండు వేయండి. బ్యాండు గ్లాసుకే, కోరల్ నడుముకు కాదు. దానికి బిగిస్తే వారంలో రెండుగా తెగుతుంది. గ్లాసును నీళ్లు మెల్లగా కదిలే చోట పెట్టాలి. కదలకపోతే కోత కుళ్లుతుంది. వారం పది రోజుల్లో ఏదో ఒక రాయిని అదే పట్టుకుంటుంది. ఆ రాయిని ప్లగ్‌కు గ్లూతో అతికించండి. రాయికీ రాయికీ పెళ్లి, జెల్ గ్లూ పురోహితుడు.

కోసిన రోజు లెదర్ విషరసాయనాలు వదులుతుంది, పక్కనున్నవాళ్లు ముడుచుకుంటారు. సంప్‌లో (ట్యాంకు కిందుండే ఫిల్టర్ తొట్టిలో) కడిగిన యాక్టివేటెడ్ కార్బన్ గుప్పెడు వేసి, మర్నాడు 15 శాతం నీళ్లు మార్చండి. స్కిమ్మర్ పొంగి కప్పు దాటుతుంది, కింద గిన్నె పెట్టుకోండి.

అన్నిటికీ కత్తి అక్కర్లేదు. కెన్యా ట్రీ అనే చెట్టులాంటి మెత్తటి పగడం కొమ్మలు తనే రాల్చి పిల్లల్ని వేస్తుంది. గ్రీన్ స్టార్ పాలిప్స్ అనే కోరల్ పక్కన ఒక రాయి పెడితే దానిమీదికి చాపలా పాకుతుంది. అందుకే దాన్ని ఇసుకలో ఒంటరి దీవిమీద ఉంచకపోతే వెనకద్దం దాకా ఆక్రమణే. జీనియాను నడిమికి కోస్తే కరిగిపోవచ్చు. రాయి ఆనించి ఊరుకుంటే తనే నడిచొస్తుంది. అది పిడికిలి మూసి తెరిచినట్టు ఆడటం తమరిని పిలవడానికి కాదు. దాని బంధువు, ఎర్రసముద్రపు హెటిరోజీనియా మీద 2013లో వచ్చిన పరిశోధన ప్రకారం, ఆ కదలిక ఒంటిచుట్టూ పేరుకున్న ఆక్సిజన్‌ను తోసేసి లోపలి ఆల్గే కిరణజన్య సంయోగక్రియను పెంచుతుంది. అంటే అది పనిలో ఉంది.

జోఆంథిడ్స్ అనే గుండీల్లాంటి పగడపు చుట్టాల జోలికి వెళ్లిన రోజు మాత్రం కన్ను నలపొద్దు, ముక్కు గోకొద్దు. కొన్నింటిలో పాలీటాక్సిన్ అనే ఘోరమైన విషం ఉంటుంది. అవి పట్టిన రాయిని శుభ్రం చేద్దామని వేడినీళ్లు పోసి, ఆ ఆవిరికి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సంఘటనలు వైద్య పత్రికలకెక్కాయి.

పిలిచేదాకా తమరు ఒళ్లో ఉండగలరని ప్రార్థన.

ఇట్లు,
ట్యాంకు ముందు కూర్చున్నవారు

తా.క.: మేత డబ్బా ఎడమచేతి వారి దగ్గరుందని తెలిసింది. వారికి ఉత్తరం విడిగా రాస్తున్నాం.