గోడ దూకిన పార్టీలు

నాయకుడు పార్టీ మారితే మనవాళ్లు ‘జంప్ జిలానీ’ అని ఎగతాళి చేస్తారు. పాపం, ఒక్క మనిషి గోడ దూకితేనే ఇంత గోల. అమెరికాలో పార్టీలకు పార్టీలే గోడ దూకాయి, అదీ ఒకదాని పెరట్లోకి మరొకటి. బోర్డులు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. క్రమశిక్షణ అంటే అదీ.

బానిసత్వం కొత్త ప్రాంతాలకు పాకకూడదని 1854లో పుట్టింది రిపబ్లికన్ పార్టీ. లింకన్ వాళ్లవాడే. దక్షిణాదిలో తెల్లవాళ్ల పెత్తనాన్ని కంటికి రెప్పలా కాపాడింది డెమొక్రాట్లు. 1936లో మిసిసిపీ ఓటర్లలో 97 శాతం డెమొక్రాట్ రూజ్‌వెల్ట్‌కే ఓటేశారు. (నల్లజాతివాళ్లను ఓటుకు దూరంగా ఉంచాక ఆమాత్రం ఏకాభిప్రాయం రాకుండా ఉంటుందా?) అదే మిసిసిపీ 1964లో రిపబ్లికన్ గోల్డ్‌వాటర్‌కు 87 శాతం ఓట్లు కట్టబెట్టింది. అక్కడి ఓటర్ల మనసు మారిందని తొందరపడి అనుకోకండి. వాళ్లు అంగుళం కూడా కదల్లేదు.

ఆ ఏడాది జాతి వివక్షను నిషేధించే పౌరహక్కుల చట్టం మీద డెమొక్రాట్ జాన్సన్ సంతకం పెట్టారు. సెనేట్‌లో 33 మంది రిపబ్లికన్లుంటే 27 మంది ఆ చట్టానికి మద్దతుగానే ఓటేశారు. ఆ తర్వాతి నెలలోనే పార్టీ ఎంతో శ్రద్ధగా ఆలోచించి, కాదన్న ఆరుగురిలో ఒకరిని అధ్యక్ష అభ్యర్థిగా నిలబెట్టింది. ఆయనే గోల్డ్‌వాటర్. సొంత రాష్ట్రం అరిజోనా కాక ఆయన గెలిచిన ఐదు రాష్ట్రాలూ దక్షిణాదివే.

సౌత్ కరోలినా సెనేటర్ స్ట్రామ్ థర్మండ్‌కు మాత్రం చరిత్ర అన్యాయం చేసింది. 1957లో పౌరహక్కుల బిల్లును అడ్డుకోవడానికి ఆయన 24 గంటల 18 నిమిషాలు ఏకధాటిగా మాట్లాడారు. అప్పుడాయన డెమొక్రాట్. 1964లో రిపబ్లికన్ అయ్యారు. ఆయన్ను ఫిరాయింపుదారు అనడానికి నాకు నోరు రాదు. మనిషి నిలబడ్డచోటే నిలబడ్డాడు, పార్టీయే నడుచుకుంటూ ఆయన దగ్గరికొచ్చింది. అంతకు రెండేళ్ల ముందే డెమొక్రాట్లకు నమస్కారం పెట్టేసిన, తర్వాత రిపబ్లికన్ అధ్యక్షుడైన రీగన్ కూడా, తాను పార్టీని వదల్లేదని, పార్టీయే తనను వదిలేసిందని చెప్పుకునేవారు.

ఉత్తరాన వెర్మాంట్‌ది ఇంకో కథ. 1856 నుంచి 1960 వరకు ప్రతి అధ్యక్ష ఎన్నికలోనూ రిపబ్లికన్లనే గెలిపించింది. 1936లో రూజ్‌వెల్ట్ సునామీలోనూ ఎదురు నిలిచినవి మెయిన్, వెర్మాంట్ రెండే. 2020కి వచ్చేసరికి రాష్ట్రాలన్నిటిలో బైడెన్‌కు ఎక్కువ శాతం ఓట్లు వేసింది ఈ వెర్మాంటే.

దిగుమతి సుంకాల సంగతీ అంతే. 1890లో, తర్వాత అధ్యక్షుడైన మెకిన్లీ పేరుతో భారీ సుంకాల చట్టం తెచ్చింది రిపబ్లికన్లు. తర్వాత రీగన్ కాలానికి స్వేచ్ఛా వాణిజ్యం భజన పట్టారు. ఇప్పుడు ట్రంప్ మళ్లీ మెకిన్లీ ఫొటోకు దండ వేస్తున్నారు. చివరికి రంగులకూ నిలకడ లేదు. 1980లో ఎన్‌బీసీ టీవీ మ్యాపులో రీగన్ గెలిచిన రాష్ట్రాలు నీలం. రిపబ్లికన్లకు ఎరుపు ఖాయమైంది 2000 ఎన్నికలతోనే.

పూర్వీకుల దగ్గర మాత్రం రెండు పార్టీలూ జాగ్రత్తగా ఉంటాయి. రిపబ్లికన్లు ఇప్పటికీ ‘మాది లింకన్ పార్టీ’ అంటారు. డెమొక్రాట్లు ఏళ్ల తరబడి పాత అధ్యక్షులు జెఫర్సన్, జాక్సన్ పేర్లతో విందులు చేశారు. ఇద్దరూ బానిసల యజమానులన్న సంగతి 2015 ప్రాంతంలో హఠాత్తుగా గుర్తొచ్చి చాలా రాష్ట్రాల్లో ఆ పేర్లు తీసేశారు. విందు మాత్రం ఆపలేదు. చందాలు వసూలయ్యేది అక్కడే మరి.